గేమ్ ఒకటే, ఆడే తీరు రెండు: ర్యాంక్ కోసమా, సరదా కోసమా?

ఒక ఆదివారం రాత్రి నంద్యాలలో మా మామూ కొడుకు, ఆళ్లగడ్డలో మా ఖాలా కొడుకు ఒకే స్క్వాడ్‌లో బీజీఎంఐ ఆడుతున్నారు. మ్యాచ్ మధ్యలో ఆళ్లగడ్డ పిల్లోణ్ని అమ్మీ అన్నానికి పిలిచింది. ఫోన్ పక్కన పెట్టి లేచిపోయాడు. ఇక్కడ నంద్యాలలో టీమ్ ఓడిపోయింది, వీడి ర్యాంక్ పాయింట్లు పోయాయి. తర్వాత రెండు వారాలు ఇద్దరికీ మాటల్లేవు. ఈద్‌కు కలిసినప్పుడు కూడా సలాం చెప్పుకుని చెరో మూల కూర్చున్నారు.

ఇంట్లో పెద్దవాళ్లు "అంతా ఆ ఫోన్ వల్లే" అన్నారు. ఇద్దరితో విడివిడిగా మాట్లాడితే నాకు వేరే సంగతి అర్థమైంది. ఒకడు ర్యాంక్ పెంచుకోవాలని ఆడుతున్నాడు, ఇంకొకడు తమ్ముడితో కాసేపు కబుర్లు చెప్పుకోవాలని ఆడుతున్నాడు. ఆ మాట ముందే అనుకోలేదు.

ర్యాంక్ అంటే ఏంటి?

దీని మూలం చదరంగంలో ఉంది. ఎవరు ఎంత బాగా ఆడతారో అంకెల్లో చెప్పే పద్ధతిని అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తయారు చేశారు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య 1970లో దాన్ని తీసుకుంది. మన కోనేరు హంపి రేటింగ్ లెక్క కూడా ఆ పద్ధతిదే. గెలిస్తే జమ, ఓడితే ఖర్చు, అచ్చం ఖాతా పుస్తకంలా.

ఆన్‌లైన్ గేముల్లోనూ ఇలాంటి లెక్కే నడుస్తుంది. బీజీఎంఐలో బ్రాంజ్‌తో మొదలై సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, క్రౌన్, ఏస్ దాటి కాంకరర్ దాకా మెట్లున్నాయి. సీజన్ మారితే కొన్ని మెట్లు కిందికి దిగాలి, మళ్లీ ఎక్కాలి. పిల్లలు ఫోన్ వదలకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇంకో చిక్కుంది. పెద్ద ర్యాంకు ఉన్నవాళ్లకు ఎదురయ్యేవాళ్లు కూడా గట్టివాళ్లే. సరదాగా ఆడే పిల్లోడు అలాంటి టీమ్‌లో చేరితే మొదట్లోనే అవుట్ అవుతాడు, తిట్లు తింటాడు. వాడికి సరదా పోతుంది, అవతలివాడికి ర్యాంక్ పోతుంది.

మ్యాచ్‌కు ఎంత టైం?

అమ్మీలు, అబ్బాలు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే. ఈ గేముల్లో మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. ఎరాంగెల్ మ్యాప్‌లో 100 మంది దిగుతారు, చివరిదాకా నిలిస్తే అరగంట పడుతుంది. లివిక్‌లో 52 మంది, పావుగంట చాలు. టీమ్ డెత్‌మ్యాచ్‌లో నలుగురు, అవతల నలుగురు. పది నిమిషాల్లో అయిపోతుంది, క్లాసిక్ ర్యాంక్‌కు దీంతో సంబంధం లేదు. క్లాసిక్‌లోనే ర్యాంక్ లేకుండా ఆడే వీలు కూడా ఉంది.

కాబట్టి అన్నానికి పది నిమిషాల ముందు ఎరాంగెల్ మొదలుపెట్టడం పిల్లోడి తప్పు. మ్యాచ్ సగంలో ఫోన్ లాక్కుంటే మిగతా ముగ్గురి ఆటా పాడవుతుంది. "ఫోన్ పెట్టేయ్" అనే బదులు "ఇది అయ్యాక ఇంకోటి మొదలుపెట్టొద్దు" అని చెప్పి చూడండి. గొడవ సగం తగ్గుతుంది.

హద్దులు ఎక్కడ?

బీజీఎంఐలో 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలే పరిమితి. అది గరిష్ఠం మాత్రమే, రోజూ అంతసేపు ఆడమని కాదు. పెద్దవాళ్ల నంబర్‌తో అకౌంట్ తెరిస్తే ఆ అడ్డు కూడా ఉండదు, చూసుకోండి.

డబ్బు విషయం వేరు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, సరదా గేములను ప్రోత్సహిస్తుంది, పందెం డబ్బుతో ఆడేవాటిని నిషేధిస్తుంది. ఎవరైనా ఫీజు కట్టి రూమ్‌లోకి రమ్మంటే ఇంట్లో చెప్పాలని పిల్లలకు ముందే చెప్పండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చింది. 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, చదువు, నిద్ర, మనుషుల కన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం దాని గుర్తులు. ఇది మామూలుగా ఏడాది పాటు ఉంటేనే జబ్బు అంటారు. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడినంత మాత్రాన భయపడక్కర్లేదు.

మా పిల్లలిద్దరూ ఇప్పుడు ఒక ఒప్పందానికి వచ్చారు. స్టార్ట్ నొక్కేముందు "ర్యాంకా, టైంపాసా?" అని అడుగుతారు. ర్యాంక్ అంటే ఇద్దరూ అన్నం తిని కూర్చుంటారు. టైంపాస్ అంటే టీమ్ డెత్‌మ్యాచ్, ఓడినా ఎవరూ తిట్టకూడదు. మొన్న ఆళ్లగడ్డ పిల్లోడు మూడు మ్యాచ్‌లు వరసగా ఓడించాడట. నంద్యాలవాడు నవ్వుతూనే చెప్పాడు.