ఎర్రచందనాన్ని పోల్చి చెప్పే పరారుణ కిరణాలు

తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరేవరకు చిత్తూరు జిల్లాలోనిదే. సరిహద్దు మారినా కొండల వరుస మారలేదు. కడప, చిత్తూరు, నెల్లూరు అడవులలో సహజంగా పెరిగే ఎర్రచందనాన్ని ఇక్కడి తమిళులు సెమ్మరం అంటారు. అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైటిస్ 1995లో ఈ చెట్టును తన రెండవ అనుబంధంలో చేర్చింది. అందువల్ల పట్టుబడిన దుంగ ఎర్రచందనమా, మరొక కలపా అన్నది ఒక మనిషి స్వేచ్ఛకు సంబంధించిన ప్రశ్న అవుతుంది.

చెట్టు నిలబడి ఉంటే ఆకును, కాయను, బెరడును చూసి గుర్తించవచ్చు. బెరడు తీసి ముక్కలు చేసిన తరువాత ఆ ఆధారాలు మిగలవు. ఎర్రని చేవ, నీటిలో మునిగేంత బరువు కొంతవరకు సాయపడతాయి. అయితే తమిళులు వేంగై అని పిలిచే ఏగిస కూడా ఇదే ప్రజాతికి చెందినది. ఆఫ్రికాలోనూ దీనిని పోలిన ఎర్ర కలపనిచ్చే బంధువృక్షాలున్నాయి. సూక్ష్మదర్శినిలోనూ దగ్గరి జాతుల కణాల అమరిక ఒకే విధంగా కనిపించవచ్చు. అటువంటప్పుడు కలపలోని రసాయనాలను పరిశీలించవలసి వస్తుంది.

ఏ కలపలోనైనా ప్రధానంగా ఉండేవి సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిను. దాదాపు సగభాగం సెల్యులోజే. వీటికి తోడు ఒక్కొక్క జాతి చేవలో ప్రత్యేకమైన రంగులు, జిగురులు చేరుతాయి. ఎర్రచందనానికి ఎరుపునిచ్చేది శాంటలిన్.

ఎరుపు రంగుకు ఆవల కంటికి కనిపించని కిరణాలున్నాయని విలియం హెర్షెల్ 1800లో ఉష్ణమాపకంతో కనుగొన్నాడు. అవే పరారుణ కిరణాలు. అణువులలోని పరమాణు బంధాలు నిరంతరం కంపిస్తుంటాయి. ఊగుతున్న ఉయ్యాలను దాని లయకు సరిగ్గా తోసినప్పుడే ఊపు పెరిగినట్లు, ఒక్కొక్క బంధం తన కంపనానికి సరిపడే కిరణాన్నే గ్రహిస్తుంది. ఏ కిరణం ఎంత తగ్గిందో యంత్రం గీతగా గీస్తుంది. సెంటీమీటరుకు సుమారు 1510 తరంగాల వద్ద కనిపించే శిఖరం లిగ్నినును, 1735 దగ్గరిది హెమిసెల్యులోజును సూచిస్తాయి.

పరీక్షకు కొన్ని మిల్లీగ్రాముల పొడి చాలు. దానిని చేవ నుండే తీయాలి. పైనున్న తెల్లచెక్కలో శాంటలిన్ ఉండదు. నీరు పరారుణ కిరణాలను బలంగా గ్రహిస్తుంది కనుక పొడిని బాగా ఆరబెట్టాలి. పూర్వం దానిని పొటాషియం బ్రోమైడుతో కలిపి బిళ్ళగా నొక్కేవారు. నేటి పరికరాలలో వజ్రపు స్ఫటికం మీద ఉంచి నొక్కితే చాలు, కొద్ది నిమిషాలలో గీత సిద్ధమవుతుంది.

ఆ గీత తనంతట తాను చెట్టు పేరు చెప్పదు. జాతి ముందే నిర్ధారణ అయిన అనేక నమూనాల గీతలతో దానిని గణితపద్ధతిలో పోల్చాలి. చెట్టు వయస్సు, పెరిగిన నేల, చెక్క నిల్వ ఉన్న కాలం కూడా గీతను కొంత మారుస్తాయి. కనుక ఒక్క నమూనాతో పోల్చి తీర్పు చెప్పరాదు. బెంగళూరులోని కలప విజ్ఞాన సాంకేతిక సంస్థ వంటి చోట్ల నిర్ధారిత నమూనాల భాండాగారం ఉండటానికి కారణం ఇదే. సూక్ష్మదర్శిని పరిశీలన, రసాయన పరీక్ష ఒకదానినొకటి బలపరచినప్పుడే ఫలితానికి విలువ.

సొంత పొలంలో ఎర్రచందనం పెంచే రైతు మరొక సంగతి గమనించాలి. అడవి చెట్టుకూ తోట చెట్టుకూ జాతి ఒక్కటే. జాతిని నిర్ధారించే ఈ పరీక్ష ఆ తేడాను తేల్చదు. అది ఏ చెట్టు కలపో ప్రయోగశాల చెప్పగలదు. ఎవరి చెట్టో చెప్పవలసినవి భూమి పత్రాలు, నరికేందుకు, తరలించేందుకు అటవీశాఖ ఇచ్చిన అనుమతులు. నాటిన నాటి నుండే వాటిని భద్రపరచుకొనడం రైతుకు రక్ష.