మీకు తెలుసా? కొత్త వస్తువు ఎందుకు ఓడిపోతుంది?

• 2009లో ‘లక్ష రూపాయల కారు’గా వచ్చిన టాటా నానో తయారీ 2018లో ఆగిపోయింది. చవక కారన్న ముద్రే దాన్ని దెబ్బతీసిందని రతన్ టాటాయే తర్వాత అన్నారు. కారు కొనేవారికి ధర ఒక్కటే చాలదు, నలుగురిలో గౌరవమూ కావాలి.

• దీనికి భిన్నమైన పాఠం ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఉంది. చీరకు వేలసార్లు చేయి ఆడిస్తూ, నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆలేరు దగ్గరి శారాజీపేట చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టారు. అప్పులు, అవహేళనలు దాటి 1999లో పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

• కొత్తగా ఏదైనా తయారుచేసే యువత ముందు వాడేవారి కష్టం తెలుసుకోవాలి. పెట్టుబడి ఆ తర్వాతే.