చక్రం తిరగని గంటలకు జీతం ఎవరిస్తారు?

మా ఊరి పేరు చెప్తే హైదరాబాద్‌లో రెండు రకాలవాళ్లు టక్కున గుర్తుపడతారు. మేడారం జాతరకి వచ్చి వెళ్లినవాళ్లు, ఇసుక లారీ డ్రైవర్లు.

మాది ఏటూరునాగారం. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2019 నుంచి ములుగు. బీటెక్ అయ్యాక నేను హైదరాబాద్‌లో కోడింగ్ ఉద్యోగంలో పడ్డాను. మీరు ఉంటున్న ఫ్లాట్ గోడల్లో మా గోదావరి కొంచెమైనా ఉండొచ్చు. ఏటూరునాగారం, మంగపేట, వాజేడు, వెంకటాపురం వైపు రీచ్‌లలో తీసిన ఇసుక లారీలెక్కి, తాడ్వాయి అడవి దాటి, ములుగు, వరంగల్ మీదుగా సిటీకి వస్తుంది. దాదాపు 250 కిలోమీటర్లు.

ఇంటికి వెళ్లినప్పుడల్లా రోడ్డు పక్కన లారీల వరస కనిపిస్తుంది. బస్సులోంచి చూస్తే ట్రాఫిక్ జామ్ అనుకుంటాం. అది లోడింగ్ కోసం క్యూ. చక్రాల మధ్య నీడలో చాప, పక్కనే చిన్న స్టవ్, తాడు మీద ఆరుతున్న లుంగీ. కొన్నిసార్లు గంటల్లో పని అయిపోతుంది, కొన్నిసార్లు రోజు దాటుతుంది. రీచ్‌లో మెషిన్ ఆగినా, గోదావరికి నీళ్లొచ్చి బాట తెగినా, జాతర రద్దీకి బళ్లు ఆపేసినా క్యూ కదలదు.

ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు టీ కొట్టు దగ్గర కొందరు డ్రైవర్లతో మాట కలిపాను. జీతం గురించి అడిగితే అందరూ చెప్పింది దాదాపు ఒకటే. ట్రిప్పుకి ఇంత అని లెక్క, పైన దారి ఖర్చులకి బత్తా. ఒకరిద్దరికి మాత్రం నెల జీతం ఉంది. పీఎఫ్ మాట ఎత్తితే నవ్వారు. క్లీనర్ లేకుండా ఒక్కరే నడుపుతున్నవాళ్లూ ఉన్నారు. పట్టా కప్పడం, తాడు బిగించడం, టైర్ మార్చడం, అన్నీ వాళ్లే.

మరి క్యూలో ఉన్న టైమ్‌కి ఏమిస్తారని అడిగాను. ఒకాయన నన్ను వింతగా చూశాడు. “నిలబడ్డదానికి పైసలేంది తమ్మీ?”

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఎందుకంటే నిలబడ్డదానికి పైసలు తీసుకున్నవాణ్ని నేను. సాఫ్ట్‌వేర్‌లో దానికి ‘బెంచ్’ అని పేరు. ప్రాజెక్ట్ లేకుండా దాదాపు మూడు నెలలు కూర్చున్నాను. ఏసీ, కాఫీ మెషిన్, నెలాఖరున పూర్తి జీతం. బెంచ్ మీద ఉన్నామంటే ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్ ఉంటుంది, కాదనను. కానీ ఆ మూడు నెలలూ పని లేదని జీతం ఆపలేదు.

ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి ఒక లెక్క వేశాను. అంకెలు ఊహించుకున్నవే. ట్రిప్పుకి 2,400 రూపాయలు అనుకుందాం. లోడింగ్, ప్రయాణం, అన్‌లోడింగ్, తిరుగు ప్రయాణం కలిపి 24 గంటల్లో అయిపోతే గంటకి 100 పడుతుంది. అదే ట్రిప్పుకి ముందు రెండు రోజులు క్యూలో ఉంటే? 72 గంటలు, గంటకి 33. రేటు మారలేదు, మనిషి మారలేదు, జీతం మాత్రం మూడో వంతుకి పడిపోయింది. పోయిన గంటల్ని రోడ్డు మీదే రాబట్టుకోవాలి. అంటే నిద్ర మానేసి నడపాలి. తెల్లవారుజామున రోడ్డు పక్క బోల్తా పడ్డ లారీని చూసి ‘నిద్రమత్తు’ అని హెడ్డింగ్ పెడతాం. ఆ నిద్ర ఎక్కడ పోయిందో ఎవరూ రాయరు.

చట్టం లేదా అంటే, ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, వరసగా ఐదు గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి. చదవడానికి బాగుంటుంది. కానీ అది వర్తించేది ఐదుగురు, ఆ పైన కార్మికులున్న సంస్థకి. ఒకటి రెండు లారీలున్న ఓనర్ దగ్గర పనిచేసేవాడికి దానితో సంబంధం లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ ఐదు కాస్తా పది అయింది.

ఆ పాత చట్టంలో ‘పని గంటలు’ అంటే ఏమిటో చెప్పే చోట ఒక చిత్రమైన వాక్యం ఉంది. టెర్మినల్ దగ్గర ఊరికే వేచి ఉన్న సమయం 15 నిమిషాల లోపైతే పని గంటల్లో కలుస్తుందట! బస్సుల్ని దృష్టిలో పెట్టుకుని రాసి ఉంటారు. బస్టాండ్‌లో పావుగంట ఆగడం వేరు, రీచ్ దగ్గర పగలూ రాత్రీ ఆగడం వేరు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో రాతి పొరల్ని పగలగొట్టి చమురు తీసే బావులకి కూడా లారీల కొద్దీ ఇసుక కావాలి. నీళ్లతో కలిపి ఒత్తిడితో లోపలికి పంపిస్తారు. ఆ లారీలూ బావుల దగ్గర వరస కడతాయి. అక్కడ లారీ డ్రైవర్ రోజుకి 11 గంటలకి మించి నడపకూడదు. డ్యూటీ ఎక్కిన 14 గంటల తర్వాత స్టీరింగ్ ముట్టుకోకూడదు. అయితే చమురు బావులకి సర్వీస్ చేసే ప్రత్యేక వాహనాల డ్రైవర్లు బావి దగ్గర వేచి ఉన్న టైమ్‌ని డ్యూటీగా లెక్కించక్కర్లేదని ఒక మినహాయింపు ఉంది. ఇసుక, నీళ్లు తోలే లారీలకి అది వర్తించదని 2012లో అక్కడి రవాణా అధికారులు స్పష్టం చేశారు. అక్కడ అంతా బాగుందని కాదు. చాలామంది లారీ డ్రైవర్లకి ఫెడరల్ ఓవర్‌టైమ్ రూల్ వర్తించదు. కానీ నిలబడ్డ గంట పని కిందికి వస్తుందా రాదా అని కనీసం వాదించుకున్నారు. మన దగ్గర ఆ ప్రశ్నే పుట్టలేదు.

మనకు డ్రైవర్లు గుర్తొచ్చేది బండ్లు ఆగినప్పుడే. 2024 జనవరి మొదట్లో హిట్ అండ్ రన్ కేసులకి పదేళ్ల వరకు జైలు అనే సెక్షన్ మీద వాళ్లు సమ్మెకి దిగితే, హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు మనం బారులు తీరాం. ఆ కొద్ది గంటల క్యూకే ఎన్ని మీమ్స్ వేసుకున్నామో!

నా వృత్తి కోణంలో చూస్తే ఇది పెద్ద సమస్యేం కాదు. ఇసుక బుకింగ్ ఎప్పుడో ఆన్‌లైన్ అయింది. లారీ క్యూలోకి చేరిన టైమ్, కాంటా దాటి బయటికొచ్చిన టైమ్, రెండూ ఒకే టేబుల్‌లో రెండు కాలమ్స్. తేడా తీస్తే వెయిటింగ్ ఎన్ని గంటలో తేలుతుంది. అది వేబిల్లు మీద ప్రింటయితే, నాలుగు గంటలు దాటిన ప్రతి గంటకీ ఇంత అని డ్రైవర్ అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. కోడ్ రాయడం ఒక మధ్యాహ్నం పని. ఆ డబ్బు ఓనర్ ఇవ్వాలా, రీచ్ కాంట్రాక్టర్ ఇవ్వాలా, ఇసుక కొన్న మనం ఇవ్వాలా అన్నదే అసలు పంచాయితీ. నా మటుకు, ఆలస్యం ఎవరి వల్లైతే వాళ్లే ఇవ్వాలి.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే కొత్త లారీల క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పనే. మే నెలలో మా వైపు ఎండ తెలిసినవాళ్లెవరూ కాదనరు. టీ కొట్టు దగ్గర ఆ సంగతి చెప్తే ఒక కుర్ర డ్రైవర్ వెంటనే అడిగాడు, ఇంజిన్ ఆన్‌లో ఉంటేనే కదన్నా ఏసీ పనిచేసేదని. క్యూలో ఇంజిన్ ఆన్‌లో పెడితే డీజిల్ లెక్క ఓనర్‌కి అతనే చెప్పుకోవాలి.