అద్దాల తొట్టి – మన చేతిలోని అమానత్

మదర్సాలో నీటి పరిశుద్ధతను గురించిన పాఠం జరుగుతోంది. నీటి రంగు, రుచి, వాసన – ఈ మూడింటిలో మార్పు వచ్చిందా లేదా అన్న విషయాన్ని ఫిఖ్హ్ పండితులు ముఖ్యంగా పరిశీలిస్తారని మేము వివరిస్తున్నాము. అంతలో వెనుక వరుసలోని ఒక బాలుడు లేచి నిలబడ్డాడు. “ఉస్తాద్! పండుగకు మా అబ్బా నాలుగు అడుగుల చేపల తొట్టి కొన్నారు. పన్నెండు గోల్డ్‌ఫిష్‌లు వేశాము. పది రోజుల్లో తొమ్మిది చనిపోయాయి. నీళ్లు అద్దంలా తేటగానే ఉన్నాయి, వాసన కూడా లేదు. మరి ఎందుకు చనిపోయాయి? ఆ పాపం మాదేనా?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. చాలాకాలంగా చేపలు పెంచుతున్నవారిని అడిగి, చదివి తెలుసుకున్న సంగతులను ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాము.

ముందుగా ధర్మం మాట. ప్రాణులను ఇంట్లో పెంచుకోవటం నిషిద్ధం కాదు. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకున్నాడు. అది చనిపోయి అతను దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఆ పిట్ట సంగతి అడుగుతూ అతన్ని లాలించారు. సరిగా పోషించేవారికి పక్షుల పెంపకం అనుమతించబడిందనటానికి పండితులు ఈ ఉదంతాన్ని ఆధారంగా చూపారు. అయితే పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానై వెదుక్కుని తినటానికి వదలక, దాని చావుకు కారకురాలైన స్త్రీ శిక్షకు గురైన ఉదంతం కూడా బుఖారీ, ముస్లిమ్ హదీసు గ్రంథాల్లో ఉంది. ఆమె నేరమల్లా బంధించటం, బంధించాక బాధ్యతను విస్మరించటం. అద్దాల తొట్టిలోని చేప కూడా బందీయే. నదిలో దాని వ్యర్థాలను ప్రవాహం మోసుకుపోతుంది. తొట్టిలో ఆ నది పని మనం చేయవలసి ఉంది. ఫిల్టర్ అంటే అదే.

ఇక తేట నీటిలో చేపలు ఎందుకు చనిపోయాయి? చేపలు ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. చేపను చంపగల మోతాదులో ఉన్నా అది కంటికి కనిపించదు, చాలాసార్లు ముక్కుకూ అందదు. నీటిలో ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది అంత హానికరం కాదు, వారానికొకసారి నాలుగో వంతు నీరు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బాక్టీరియా ఫిల్టర్‌లోని స్పాంజికి, పింగాణీ రింగులకు అంటుకుని పెరుగుతుంది. కొత్త తొట్టిలో అది స్థిరపడటానికి సుమారు 4 నుండి 6 వారాలు పడుతుంది. మొదటి రోజే పన్నెండు చేపలు వేసిన ఆ ఇంటివారు తెలియకుండానే వాటిని విషంలో వదిలారన్నమాట.

ఫిల్టర్ ఎంపికకు తొలి మెట్టు లెక్క. నాలుగు అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉన్న తొట్టి 9 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు సుమారు 28 లీటర్ల చొప్పున 250 లీటర్ల పైమాట. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 220 లీటర్లు అనుకుందాం. గంటకు ఆ నీరంతా నాలుగైదు సార్లు ఫిల్టర్ గుండా తిరగాలన్నది పెంపకందారుల వాడుక సూత్రం. అంటే గంటకు సుమారు 1,000 లీటర్లు. అయితే పెట్టెపై ముద్రించిన సంఖ్య ఖాళీ పంపుది. స్పాంజి నిండాక, నీటిని పైకెత్తేటప్పుడు అది తగ్గిపోతుంది. కనుక 1,500 లీటర్ల సామర్థ్యం ఉన్నది తీసుకోవటం మేలు.

రెండో మెట్టు చేపల రకం. గప్పీలు, ప్లాటీల వంటి చిన్న చేపలైతే ఎయిర్ పంపుతో నడిచే పెద్ద స్పాంజి ఫిల్టర్లు రెండు చాలు. ఖర్చు తక్కువ, పిల్ల చేపలను లాగేసుకోవు. గోల్డ్‌ఫిష్, ఆస్కార్ వంటివి ఎక్కువ వ్యర్థాన్ని వదులుతాయి. వీటికి తొట్టి పైన అమర్చే టాప్ ఫిల్టర్ గాని, కింద బీరువాలో పెట్టే కానిస్టర్ గాని అవసరం. ఐదారు అడుగుల తొట్టికి సంప్ శ్రేష్ఠం. అంటే కింద మరో తొట్టి పెట్టి, అందులో గదులుగా నీటిని వడగట్టి పైకి పంపటం. కరెంటు పోయినప్పుడు పై తొట్టి నుండి కొంత నీరు కిందికి దిగుతుంది. దానికి సరిపడా ఖాళీని సంప్‌లో ముందే ఉంచకపోతే ఇల్లు తడుస్తుంది. ఏ ఫిల్టరైనా నీరు మొదట స్పాంజి గుండా, తర్వాత రింగుల గుండా పోవాలి. లేకుంటే రింగులు మురికితో పూడుకుపోతాయి.

మూడో మెట్టు మన ఊళ్ల పరిస్థితి. వేసవిలో నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు కోతలు కూడా వస్తాయి. మూసి ఉన్న కానిస్టర్‌లో నీరు గంటల తరబడి ఆగితే లోపలి బాక్టీరియా చనిపోయి నీరు కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ మురుగు తొట్టిలోకి వస్తుంది. కాబట్టి చాలాసేపు కరెంటు పోతే, కానిస్టర్‌ను విప్పి కడిగాకే నడపాలి. ఏ ఫిల్టర్ ఉన్నా, బ్యాటరీతోనో ఇన్వర్టర్‌తోనో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉండాలి. ఎయిర్ పంపు నీటి మట్టం కన్నా కింద ఉంటే, గొట్టంలో నీరు వెనక్కి రాకుండా వాల్వ్ బిగించాలి.

ఇస్రాఫ్ విషయం కూడా ఆలోచించాలి. 20 వాట్ల పంపు రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 14 యూనిట్ల పైచిలుకు అవుతుంది. రాత్రిపూట పొదుపు కోసం ఫిల్టర్‌ను ఆపటం పొదుపు కాదు, ప్రాణితో చెలగాటం. ఆ ఖర్చు భరించలేమనుకుంటే చిన్న తొట్టితో, కొద్ది చేపలతో తృప్తి పడటం ఉత్తమం. కొందరు ఫలానా చేప ఇంట్లో ఉంటే సిరి వస్తుందని, కీడు తొలగుతుందని నమ్మి పెద్ద తొట్టెలు కొంటారు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయని విశ్వసించేవారికి ఆ నమ్మకం తగదు.

శుభ్రం చేయటంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. శుచిత్వం మీది ప్రేమతో స్పాంజిని కుళాయి కింద తెల్లబడే దాకా రుద్దుతారు. మున్సిపాలిటీ నీటిలోని క్లోరిన్‌తో మేలు చేసే బాక్టీరియా నశిస్తుంది. తొట్టి నుండి తీసిన నీటిలోనే స్పాంజిని తేలికగా పిండాలి. స్పాంజి, రింగులు ఒకే రోజు కడగరాదు. కొత్త నీటిలో క్లోరిన్‌ను విరిచే చుక్కలు కలిపాకే తొట్టిలో పోయాలి.

మరుసటి వారం ఆ బాలునికి మా జవాబు చెప్పాము: “నాయనా, తెలియక జరిగినదానికి అల్లాహ్‌ను మన్నింపు కోరుకో, ఆయన కరుణామయుడు. తెలిసిన తర్వాత చూపే అలక్ష్యానికి మాత్రం మనం జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. మీ తొట్టికి మూడు గోల్డ్‌ఫిష్‌లే చాలు. జానెడు పొడవు పెరిగే చేపలవి. మీ ఇంట్లో ఇప్పుడు మిగిలినవీ మూడే. వాటిని కాపాడు.”

వాళ్ల నాన్నగారు టాప్ ఫిల్టర్, దానికి తోడుగా ఒక స్పాంజి ఫిల్టర్ అమర్చారు. ఆరు వారాల పాటు మేత తగ్గించి, రెండు రోజులకొకసారి కొంత నీరు మార్చారు. మూడు చేపలూ బ్రతికాయి. ఇంకా చేపలు కావాలని చెల్లెలు మారాం చేస్తోందట. వద్దని ఆమెకు నచ్చజెప్పే పనిని ఆ బాలుడే తీసుకున్నాడు.