పెన్‌గంగ యొడ్డున తట్టువల వెంట

గుఱ్ఱమనగానే మనకు రాజుల సవారియో, పెండ్లికుమారుని ఊరేగింపో స్ఫురించును. సంసారమునంతయు వీపున నిడుకొని, బురద ద్రొక్కుచు, ఎండవానలలో నడచు తట్టువను మనమంతగా తలపము. జట్కాబండ్లు పోయినపిదప కరీంనగరము పిల్లలకు తట్టువ యన్న మాటయే తెలియదు. మా పినతల్లి మనుమరాలికి గాడిదకు పెద్దన్న యని చెప్పవలసివచ్చెను.

ఆదిలాబాదునకు ఉత్తరమున పెన్‌గంగ దాటిన మహారాష్ట్రము. మావారి ఉద్యోగము జైనథ్ ప్రాంతపు పల్లెలో నగుటచే, పత్తిచేలు ఖాళీయైన ఫాల్గుణమాసమున ఆవలి యొడ్డునుండి వచ్చిన ధన్‌గర్ల మంద నొకదానిని చూచు అవకాశము మాకు కలిగెను. ధన్‌గర్లు మన కురుమలవంటివారు. గొఱ్ఱెలే వారి యాస్తి. రాత్రులు రైతుల చేలలో మందను నిలుపుదురు. ఎరువు దక్కినందులకు రైతు ధాన్యమో పైకమో ఇచ్చును. ఆ మందతో రెండు తట్టువలును, వానిని నడిపించు పదియేండ్ల బాలికయు నుండిరి. బడియీడు పిల్ల త్రాడు పట్టుకొని తిరుగుచున్నదని మావారు నొచ్చుకొని, తల్లితో మాటలాడుట ఆడువారివల్లనే యగునని మమ్ము పంపిరి. “నిలబడి మాట్లాడే యాళ్ల లేదు బాయీ, నడుసుకుంట మాట్లాడుదాం రాండ్రి” అని ఆమె యనెను. పొరుగింటివారిద్దఱితో మేమును బయలుదేరితిమి.

మగవారు మందను మేపుచు చుట్టుదారిని పోవుదురు. ఆడువారు తట్టువలతో అడ్డదారిని ముందుగా క్రొత్త మకాము చేరి పొయ్యి వెలిగింపవలెను. బిడారము కట్టుటయు విప్పుటయు స్త్రీల పనియే. మేము చూచుచుండగానే అరగంటలో ఇల్లు గుఱ్ఱమెక్కెను. ముందు గోనెల మెత్త పఱచి, దానిపై గంతను బిగించిరి. ‘గంతకు తగిన బొంత’ యని మనము పెండ్లిమాటలలో నవ్వుకొను సామెతలోని గంత యిదియే గదా యని మాలో నొకరనిరి. నిజమే, ఆ గంతమీద మొదట పడినది బొంతయే! పిదప రెండుప్రక్కల సరితూకముగా పిండిసంచులు, గిన్నెలు, గుడారపు కఱ్ఱలు. పైన బుట్టలో కోళ్లు. సంచినోటినుండి తలలు చాచిన నిన్న పుట్టిన గొఱ్ఱెపిల్లలు రెండు. ఒకప్రక్క బరువు కొంచెము హెచ్చినను వీపు పుండగునట. ఇంట అలమర సర్దుకొనుటలో మాకీ నేర్పు లేదు.

వారు తమ తట్టువలను భీమ్‌థడీ యనిరి. భీమానదీ తీరమువలన వచ్చిన పేరది. మరాఠా రౌతులను మోసినదీ జాతియే. కర్నాలులోని జాతీయ పశుజన్యు వనరుల సంస్థ 2023-24లో దీనిని ప్రత్యేకమైన దేశవాళీ జాతిగా నమోదు చేసినది. పొట్టివి, గట్టి గిట్టలు గలవి, దొరికిన గడ్డితో తృప్తిపడునవి.

బయలుదేరునప్పుడు ఎండ. క్రోసెడు నడచునప్పటికి పడమట మబ్బు క్రమ్మెను. ఫాల్గుణ చైత్రములలో మా ప్రాంతపు వాన నమ్మరానిది, వడగండ్లును పడును. “వానకన్న గాలి చెడ్డది బాయీ, బరువు ఊగితే గుర్రం బెదురుతది” అని ఆమె త్రాళ్లు మరల బిగించి, తోకలు గాలివైపునకు త్రిప్పి తట్టువలను నిలిపెను. మా గొడుగు మొదటి విసురుకే తిరుగబడెను. వారు గొంగళ్లను కొప్పెర వేసికొని మమ్మును క్రిందికి చేర్చుకొనిరి. మన కురుమలయిండ్లలో ఆడువారు వడికిన నల్లని దక్కను గొఱ్ఱెయున్నిని మగవారు గుంటమగ్గమున నేసి, చింతగింజల గంజి పట్టింతురు. దానిమీద నీరు జారిపోవును. ఆ యున్నిగొఱ్ఱె మనకడ తగ్గిపోవుచున్నది. 2017లో తెలంగాణ ప్రభుత్వము రాయితీపై గొఱ్ఱెలను పంచినప్పుడును మాంసమునకు పెంచు, ఉన్ని లేని జాతులే హెచ్చుగా వచ్చినవి. గొంగడి క్రింద తలదాచుకొన్నవారికి ఆ నష్టము బాగుగా తెలియును.

వాన వెలిసిన తరువాతనే అసలు కష్టము. రేగడిమన్ను అడుగడుగునకు కాలికంటుకొని చెప్పులను మ్రింగివేసెను. వాగుకడ బాలిక త్రాటిని వదులు చేసెను. ఆడుగుఱ్ఱము మూతి వంచి నీటిని వాసన చూచి, రాళ్లెన్నుకొనుచు దాటెను. మేము దాని యడుగులలో అడుగులిడి దాటితిమి.

ఆ బాలికకు గొఱ్ఱెలను జతలుగా లెక్కించుట వచ్చును; మందలో నొక్కటి తప్పిపోయినను చెప్పగలదు. అక్షరములు రావు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఆఱు మొదలు పదునాలుగేండ్లలోపు పిల్లను వయసునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెననియు, ఆఱవ తరగతినుండి కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములలో వసతి, భోజనము ఉచితమనియు తల్లికి చెప్పితిమి. ఆమె శ్రద్ధగా వినెను. “చేర్చుకుంటరు సరే. మేము పది రోజులకు ఇంకో ఊర్ల ఉంటము. బడి మా ఎంట నడుస్తదా బాయీ? గుర్రాన్ని ఎవరు పట్టాలె?” అనెను. మాయొద్ద సిద్ధమైన సమాధానము లేదు. పొద్దుటినుండి ఆ తట్టువల సొంపు చూచి మురిసిన మాటయు నిజమే. కాని మన కన్నుల పండువుకై ఒక పిల్ల చదువు లేక యుండవలెనని కోరుట మాకు న్యాయముగా తోచలేదు.

మకాము చేరి జొన్నరొట్టె కాల్చుచు ఆమెయే తన యాలోచన చెప్పెను. పెద్ద మందలవారు ఇప్పుడు సామాను ట్రాలీలో వేసికొని పోవుచున్నారు. నాందేడు జిల్లా మాళెగాంలో మార్గశిరమున ఖండోబా యాత్ర జరుగును. గుఱ్ఱముల సంతకది పేరుపొందినది. ఖండోబా యనగా మన మల్లన్నయే. అక్కడ తట్టువల నమ్మి, ట్రాలీ బాడుగకు తీసికొన్నచో పిల్లను సొంతయూరిలో నాయనమ్మయొద్ద నుంచి మరాఠీబడికి పంపవచ్చునట. “ఆడగుర్రం, ఏడేండ్లది. బాడిగెకు సరిపోతదంటరా?” అని అడిగెను. గుఱ్ఱముల వెల మాకేమి తెలియును? ట్రాలీ బాడుగ లెక్కయైనను వేసి చూతమని సంచిలోని కాగితము, పెన్సిలు తీసితిమి. ఆ పిల్ల వచ్చి ప్రక్కన కూర్చుండి, ఏడాదికి ఎన్ని మకాములో వ్రేళ్లు మడచుచు చెప్పసాగెను.