గోడలోని చెమ్మ

క్రిస్మస్‌కు ఇంటికి రంగులు వేయించడం మాకు ఏటా అలవాటే. అమ్మ పడుకునే గదిలో పడమటి గోడ మాత్రం వేసవి రాకముందే ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులూడేది. గృహ ప్రార్థనకు వచ్చేవారి కంట పడకుండా బీరువా అడ్డం జరిపాము. రెండేళ్లలో బీరువా వెనుక నల్లటి బూజు పట్టింది, అమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఉబ్బసం ఉన్నవారికి బూజు మరీ చెరుపని డాక్టరుగారు చెప్పాక గాని మా కళ్లు తెరుచుకోలేదు.

లేవీయకాండము 14వ అధ్యాయం చదివే ఉంటారు. ఇంటి గోడలో పచ్చని, ఎర్రని చారలు కనబడితే ఇంటివాడే వెళ్లి యాజకునికి తెలపాలి. ఏడు దినములు ఇల్లు మూసి ఉంచి, మళ్లీ చూసి, చెడిన రాళ్లు ఊడదీసి, గోడలు గీకించి, కొత్త అడుసు పూయించాలి. పైపైన పూసి దాచమని ఎక్కడా లేదు.

ముందు కారణం తెలుసుకోవాలి. చెమ్మ పైనుంచి దిగుతుంటే కప్పును, గోడ నడుమ మచ్చగా ఉంటే పైపును, నేలనుంచి రెండు మూడడుగులు ఎక్కితే పునాదిని అనుమానించాలి. దీపపు వత్తి నూనెను పీల్చినట్లే ఇటుక నీటిని పైకి లాగుతుంది. దానిని అడ్డుకోవడానికే పునాదిమీద చెమ్మను ఆపే పొర వేస్తారు. పాలిథిన్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు తడిస్తే నీరు గోడలోనిది; గదివైపు తడిస్తే గాలిలోనిది.

మా ఇంట తప్పు మాదే. క్రోటన్ మొక్కల కోసం బయట గోడకు ఆనించి మట్టి పోశాము. అది ఆ పొరను దాటి పైకి వచ్చింది. రోజూ మేము పోసిన నీళ్లు అమ్మ మంచం పక్కకే చేరాయి!

మట్టి తీయించి, నేలను ఆ పొరకు ఆరంగుళాలు కిందికి దించాము. చెమ్మ గీతకు అడుగు పైదాకా గిలాబా చెక్కించాము. ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. కడిగితే కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. ఆ తరువాత ఓపిక కావాలి. తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి నెలలు పడుతుంది. తడి మీద సిమెంటు, రంగు పూస్తే మొదటికే వస్తుంది.

ఆ క్రిస్మస్‌కు మా గోడ ఇటుకలతోనే ఉంది. అమ్మను ముందు గదికి మార్చాము. ప్రార్థనకు వచ్చినవారు అడిగితే ఉన్నది చెప్పాము. వెళ్లేటప్పుడు ఒక సహోదరి నెమ్మదిగా, “మా ఇంట్లోనూ బీరువా వెనుక అలాగే ఉందండి” అన్నారు.

అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడని సామెతల గ్రంథం 28వ అధ్యాయం చెబుతుంది. గోడకైనా, మనసుకైనా అంతే. ఈ నెలలో ఒకసారి మీ బీరువా జరిపి చూడండి.