యంత్రమునకు గమకము నేర్పిన ఆచార్యుడు

బోనకల్ స్టేషనులో నిలువక సాగిపోవు రైలు కూతను విననివారు ఆ చుట్టుప్రక్కల ఉండరు. బండి సమీపించునపుడు ఆ కూత హెచ్చు శ్రుతిలో వినబడును. ప్లాట్‌ఫారమును దాటినంతనే అదే కూత క్రిందికి జారును. ఇంజనులో మార్పు ఏమియు లేదు. క్షణమునకు మన చెవిని చేరు తరంగముల సంఖ్య మాత్రమే మారినది. 1842లో డాప్లర్ అను శాస్త్రజ్ఞుడు వివరించిన ఈ ధర్మమును తన సంగీత రచనకు సాధనముగా చేసికొన్న విద్వాంసుడు ఒకడు కలడు. ఆయన అమెరికా దేశీయుడగు జాన్ ఛౌనింగ్.

ఛౌనింగ్ 1934లో న్యూజెర్సీ రాష్ట్రమందలి సేలం పట్టణమున జన్మించెను. తొలుత ఆయన డ్రమ్ములు వాయించు కళాకారుడు. 1959లో పట్టభద్రుడై, పిమ్మట పారిస్ నగరమున నాదియా బులాంజే అను సుప్రసిద్ధ ఉపాధ్యాయురాలివద్ద సంగీత రచన నభ్యసించి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చేరెను. ఆయనకు ఇంజనీరింగు తెలియదు. కంప్యూటరును తాకి ఎరుగడు.

బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ అను ఇంజనీరు 1957లోనే కంప్యూటరుచే సంగీతము పలికించియుండెను. అందలి సూత్రము సులభమైనది. లౌడ్ స్పీకరు పొర ఏ క్షణమున ఎంత కదలవలెనో అంకెలలో చెప్పగలిగినచో, ఏ ధ్వనినైనను పుట్టింపవచ్చును. సెకనుకు వేలకొలది అంకెలు కావలెను, అంతే. మాథ్యూస్ 1963లో ప్రకటించిన వ్యాసమును చదివి ఛౌనింగ్ మరుసటి ఏట ఆయనను దర్శించెను. పంచ్ కార్డుల పెట్టె నొకదానిని వెంటగొని స్టాన్‌ఫర్డ్‌కు మరలివచ్చెను.

అచ్చట ఆయనకు ఆశ్రయమిచ్చినది సంగీతశాఖ కాదు. కృత్రిమ మేధా ప్రయోగశాల. ఆ సంవత్సరములలోనే ఆ ప్రయోగశాలలో, చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన మన రాజ్ రెడ్డిగారు కంప్యూటరుకు మానవుని మాట గ్రహింపజేయు పరిశోధన సాగించి, 1966లో డాక్టరేటు పొందిరి. ఒకవైపు యంత్రము వినుట నేర్చుచుండెను. వేరొకవైపు పాడుట నేర్చుచుండెను.

ఛౌనింగ్ మొదట ధ్వనికి చలనము కల్పింప నెంచెను. నాలుగు మూలల నాలుగు లౌడ్ స్పీకర్లనుంచి, వానిమధ్య ధ్వని తిరుగాడునట్లు చేసెను. దూరమైన కొలది సూటిగా వచ్చు ధ్వని తగ్గవలెను; గోడలనుండి మరలివచ్చు ప్రతిధ్వని అంతగా తగ్గరాదు. దానికి రైలు కూతవలె శ్రుతిలో జారుటయు తోడుకావలెను. ఈ మూడును అమరినపుడు, కదలని పెట్టెలనుండి కదలుచున్న నాదము వినబడును. 1972 నాటి ఆయన రచన ‘ట్యూరెనాస్’ ఈ విధమున శ్రోతలచుట్టు సంచరించును.

ఈ ప్రయోగముల నడుమనే 1967లో ఆయనకు పెన్నిధి దొరకెను. వైణికుడు మెట్టుపై తీగను ఊచినపుడు స్వరము సెకనుకు ఐదారు మారులు ఊగును. దానిని మనము గమకముగా విందుము. ఛౌనింగ్ కంప్యూటరులో ఆ ఊపును త్వరపరచుచు, లోతు పెంచుచు పోయెను. సెకనుకు ఇరువది ముప్పది ఊపులు దాటిన పిమ్మట చెవికి ఊపు వినబడలేదు. స్వరపు రంగే మారిపోయెను!

కారణమేమనగా, 400 కంపనముల స్వరమును 100 కంపనముల వేగమున ఊచినచో, దానికి ఇరువైపుల 500, 300, 600, 200 అను క్రొత్త స్వరములు పుట్టును. ఇవన్నియు 100కు గుణిజములగుటచే చెవి వానిని ఒకే వాద్యపు నాదముగా స్వీకరించును. సంఖ్యలట్లు పొసగనిచో గంటనాదము వచ్చును. 200ను 280తో ఊచి ఆయన గంటను మ్రోగించెను. ఊపు లోతును క్షణక్షణము మార్చినచో నాదము వికసించును, ముకుళించును. పూర్వము ఒక్క బాకానాదమునకు ఎన్నో తరంగములను విడివిడిగా పేర్చవలసియుండెను. ఇచట రెండు చాలును. ఎఫ్.ఎం. రేడియోలో గానమును మోసికొనివచ్చు సూత్రమే ఇది. అక్కడ చెవికందని తరంగములపై నడచును, ఇక్కడ చెవికందు తరంగములపై నడచినది.

అమెరికాలోని ఆర్గన్ తయారీదారులు దీని విలువను గుర్తింపలేదు. జపానుకు చెందిన యమహా సంస్థ గుర్తించెను. ఇంతలో, 1973 ప్రాంతమున, విశ్వవిద్యాలయము ఛౌనింగునకు స్థిరోద్యోగము నిరాకరించెను! ఏ శాఖకు చెందని విద్యను తూచుటకు తగిన తక్కెడ వారివద్ద లేకపోయెను. ఆయన ఐరోపాకు వెడలెను. తమ పేటెంటుపై యమహా ఒప్పందము కుదిరిన తరుణమున విశ్వవిద్యాలయమే ఆయనను మరల పిలిచెను. 1983లో వెలువడిన డి.ఎక్స్.7 కీబోర్డు లక్షకు పైగా అమ్ముడుపోయి, స్టాన్‌ఫర్డ్‌కు కోట్ల డాలర్లు చేకూర్చెను.

ఆచార్యునిగా ఆయన కృషికి ప్రధాన చిహ్నము, 1975లో సహచరులతో నెలకొల్పిన సంగీత, ధ్వనిశాస్త్ర కంప్యూటరు పరిశోధన కేంద్రము. దాని ఆంగ్లనామపు పొడి అక్షరములను అచ్చటివారు ‘కర్మ’ అని పలుకుట మనకు వింతగొలుపును. సంగీతకర్త, ఇంజనీరు, మనస్తత్త్వవేత్త ఒకే గదిలో పనిచేయవలెననునదే అచ్చటి పద్ధతి. 1996లో పదవీవిరమణ చేయువరకు ఛౌనింగ్ అచ్చట బోధించెను.

పారిస్‌లోని ఇర్కాం సంస్థకై 1977లో రచించిన ‘స్ట్రియా’ ఆయన రచనలలో మేటి. మన తారషడ్జము మధ్యషడ్జమునకు రెట్టింపు కదా! ఇందు ఆ రెట్టింపునకు బదులు 1.618 అను సువర్ణ నిష్పత్తి నియమింపబడినది. స్వరములనే కాక, వాని నాదగుణమునుగూడ ఆ సంఖ్యయే శాసించును. మానవుని వాద్యములతో అసాధ్యమైన ఈ పొందిక కంప్యూటరునకే తగినది.

నేడు మన గ్రామములలోని భజన మందిరములలోను వివాహ వేదికలపైనను కీబోర్డు సామాన్యమైనది. బోనకల్ విద్యార్థి చేతిలోని ఫోనునకు నాటి ప్రయోగశాల యంత్రమునకు మించిన శక్తి కలదు. కొరతపడినది యంత్రము కాదు. మన సంగీత కళాశాలకును ఇంజనీరింగు కళాశాలకును మధ్య ఇంకను ఎత్తైన గోడ నిలిచియున్నది. గమకమును ఎరిగిన చెవియు, లెక్క నెరిగిన బుద్ధియు ఒకే బల్లయొద్ద కూర్చుండు ఏర్పాటు మనవారికిని కలిగినచో, మన వీణలోని సూక్ష్మమునుండి ఎట్టి క్రొత్త నాదము పుట్టగలదో వినవచ్చును.